శుక్రవారం కిరాయి

మా కొట్లో ఏ వస్తువు తీసుకున్నా దాని ధర దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. సబ్బుబిళ్ల ఆదివారమైనా అంతే, అమావాస్యైనా అంతే. పెంచుదామని నాకు బుద్ధి పుట్టినా పెరగదు. కనకమామిడి బస్సు స్టేజీ దగ్గర ఇన్నేళ్లుగా కిరాణం నడుపుతున్నవాణ్ని, రాత్రికో ధర పలికే ఇల్లొకటి మా ఊళ్లోనే ఉందని అరుణమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

అరుణమ్మ ఆ ఇంటికి కాపలా మనిషి. మామిడితోట మధ్య ఈత కొలను, పచ్చిక, నాలుగు పడక గదులు ఉన్న ఫాంహౌస్ అది. మా వైపు అందరూ బంగ్లా అంటారు. నగరంలో బట్టల వ్యాపారం చేసే జనార్దన్ సారు దాని యజమాని. గేటు పక్కనే రేకుల కప్పుతో ఒక గది, దాని ముందు చిన్న వసారా ఉన్నాయి. అరుణమ్మ, ఆమె భర్త సంగయ్య అందులో ఉంటారు. సంగయ్య చెట్లకు నీళ్లు పెడతాడు, కొలను కడుగుతాడు. ఊడవడం, పక్కబట్టలు మార్చడం, దిగినవాళ్లు అడిగితే వండి పెట్టడం అరుణమ్మ పని. ఉప్పూ పప్పూ మా కొట్లోంచే వెళ్తాయి కాబట్టి ఆ గేటు లోపలి సంగతులు నా చెవిన పడుతూనే ఉంటాయి.

ఆమెది హిమాయత్‌నగర్, నగరంలోది కాదు, మొయినాబాద్ దగ్గరి పల్లె. కాపలాకు రాకముందు మొగుడూ పెళ్లాం కౌలుకు పొలం పట్టి బంతి, చామంతి వేసేవాళ్లు. బోరు ఎండిపోయి, రెండో బోరు కూడా దుమ్ము కక్కాక ఈ పనిలో కుదిరారు. ఒక్కతే కూతురు వర్షిత. ఆమెను షాబాద్‌లో ఇచ్చారు.

అరుణమ్మది తీపి మాట కాదు. ఉన్నది ఉన్నట్టు ఒకసారి చెబుతుంది. రెండోసారి అడిగితే మన మొహంలోకి చూస్తుంది. కోపం వస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోందంటే సంగయ్య మెల్లగా చెట్ల వైపు నడుస్తాడు.

ఆమె పూలమ్మిన కాలంలో జరిగిన ఒక సంగతి మా దగ్గర చాలామందికి తెలుసు. సద్దుల బతుకమ్మకు ముందు ఒక వ్యాపారి వచ్చి బంతిపూలకు ధర మాట్లాడుకుని, ఆమె చేతిలో బయానా పెట్టిపోయాడు. పండుగ దగ్గరపడేసరికి వానలకు ఎక్కడి పూలు అక్కడ కుళ్లి, మార్కెట్లో ధర రెండింతలైంది. ఇంకో వ్యాపారి వచ్చి గట్టు మీద నిలబడి, ఎక్కువ ఇస్తాను నాకు తూచమన్నాడు. సంగయ్యకు ఆశ పుట్టింది. అరుణమ్మ మాత్రం మొదటివాడికే, మొదట అనుకున్న ధరకే తూచింది. సంగయ్య అలిగి రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"బయానా పట్టినంక పువ్వు మనది కాదు, ఆయనది. ఆయన పువ్వుకు మనం రేటు పెంచుడేంది?" అందట అరుణమ్మ. మూడో పూట సంగయ్య తిన్నాడు.

బంగ్లాలో కూడా మొదట్లో వ్యవహారం తిన్నగానే ఉండేది. జనార్దన్ సారు ఫోన్‌లో ఒక కిరాయి చెప్పేవాడు, అందరికీ అదే. దిగినవాళ్లు ఇంకో రోజు ఉంటామంటే అరుణమ్మే ఉండమనేది, తర్వాత సారుకు చెప్పేది. రెండేళ్ల కింద ఆయన ఇంటిని ఒక యాప్‌లో పెట్టాడు. అప్పటినుంచి కిరాయి ఆయన కూడా చెప్పడం లేదు, యాప్ దానంతటదే మారుస్తుంది. సోమవారం రాత్రికి ఒకటి, శనివారం రాత్రికి ఒకటి, సెలవులు కలిసొస్తే ఒకటి, పెళ్లి ముహూర్తాలుంటే ఇంకొకటి. లోపల ఉన్నవాళ్లు మరో రాత్రి ఉండాలన్నా యాప్‌లోనే పొడిగించుకోవాలి, ఆ రాత్రికి అది ఎంతంటే అంత కట్టాలి.

ఇది విని నాకు ఒళ్లు మండింది. ఇల్లేమన్నా పెరుగుతోందా, రాత్రికి రాత్రి గోడలు జరుగుతున్నాయా అని కొట్లో కూర్చున్న నలుగురి ముందూ రంకె వేశాను. అరుణమ్మకు మాత్రం మండలేదు. పండుగ ముందు రోజు నెత్తిన పెట్టుకున్న పువ్వు మర్నాడు గొడ్ల పాలు కావడం చూసిన మనిషి. ఖాళీ ఇంటికి గిరాకీని బట్టి ధర కట్టుకుంటే తప్పేమీ లేదనేది. ఆమెకు మింగుడు పడనిది ఒక్కటే.

"బయటోళ్లకు ఎంతన్న చెప్పుకోని అన్నా. ఇంట్లకొచ్చి, మన చేతి బువ్వ తింటున్నోళ్లకు తెల్లారంగనే రేటు మారుతదా?" అని అడిగింది నన్ను.

నేను చింతపండు పొట్లం కట్టి ఇచ్చాను.

శ్రావణ మాసంలో ఒక బుధవారం ఆ బంగ్లాకు ఒక జంట వచ్చింది. జెన్నీ, అరుణ్. ఇద్దరూ నగరంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. జెన్నీకి ఏడో నెల. కాన్పు ముందు రెండు రాత్రులు ప్రశాంతంగా గడిపిపోదామని వచ్చారు. శుక్రవారం పదకొండు గంటలకు ఖాళీ చేయాలి.

డబ్బు పోసి తీసుకున్న బంగ్లాలో మెత్తటి సోఫాలుండగా, గురువారం ఆ పిల్ల పొద్దంతా అరుణమ్మ వసారాలోనే కూర్చుందట. అరుణ్ కొలను ఒడ్డున ల్యాప్‌టాప్ ముందేసుకుని ఉంటే, ఈమె ఇక్కడ పీట వేయించుకుని, అరుణమ్మ కాల్చి ఇచ్చిన మక్కకంకులు తింటూ తన సంగతులన్నీ చెప్పింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఈమె హాస్టల్లో పెరిగింది. సెలవులయ్యాక మిగతా అమ్మాయిలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవాళ్లట. మంగళవారమని అమ్మ ఆపిందనీ, శుక్రవారమని అమ్మమ్మ పంపలేదనీ వార్డెన్‌కు చెప్పుకునేవాళ్లట. జెన్నీ మాత్రం ఏ రోజు రమ్మంటే ఆ రోజే, పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడ ఉండేదట.

"నన్ను ఎవరూ ఆపలేదాంటీ" అని నవ్వుతూ చెప్పింది.

నవ్వుతూ చెప్పినా అరుణమ్మ నవ్వలేదు. మీరు ఎప్పుడు వెళ్తున్నారని అడిగింది. రేపు పొద్దున అంది జెన్నీ.

"రేపు శుక్రవారం. అండ్ల శ్రావణం. కడుపుతోని ఉన్న ఆడబిడ్డను ఎవరన్న శుక్రవారం పంపుతరా? ఎల్లుండి పొద్దుగాల పోదురు."

ఆడపిల్ల శుక్రవారం ఇల్లు వదిలితే ఆమె వెనకే ఇంటి లక్ష్మి కూడా నడిచిపోతుందని మా ఆడవాళ్ల నమ్మకం. వర్షిత వచ్చినప్పుడు అల్లుడికి ఎంత పని ఉన్నా అరుణమ్మ శుక్రవారం కదలనివ్వదు. జెన్నీది వేరే మతమని ఆమెకు తెలియదా అంటే తెలుసు, ఆ పిల్ల మెడలో శిలువ కనబడుతూనే ఉంది. ఆడబిడ్డ ఎవరైనా ఆడబిడ్డే అనుకుంది.

జెన్నీ తింటున్న కంకి పక్కన పెట్టి, మరి కిరాయి ఎట్లా ఆంటీ అని అడిగింది.

"గదే కిరాయి. ఉండు బిడ్డ" అంది అరుణమ్మ.

యాప్ సంగతి మరిచిపోయి అన్న మాట కాదు అది. ఆమె లెక్కలో వీళ్లు బయానా ఇచ్చి లోపలికొచ్చినవాళ్లు, ధర బుధవారమే కుదిరిపోయింది. సారుకు పొద్దున చెబితే సరేనంటాడు, ఇదివరకు అట్లాగే జరిగింది కదా అనుకుంది. ఆమె చేసిన పొరపాటు అంతే. ఆ సాయంత్రం జెన్నీ పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నదట. ఆ మాట చెప్పేటప్పుడు అరుణమ్మ మొహం చూడాలి.

శుక్రవారం పొద్దున అరుణ్ పొడిగించుకుందామని ఫోన్ తీశాడు. ఆ రాత్రి కిరాయి గురువారానికి మూడింతలు చూపించింది. సెలవులు కలిసొచ్చాయి, పైగా శ్రావణ ముహూర్తాలు. ఆడబిడ్డను ఇంట్లోంచి కదపకూడని రోజునే యాప్ ఇంటి ధరను ఆకాశానికెత్తింది.

అరుణ్ మంచి పిల్లాడే. గొడవ పెట్టుకోలేదు. కాన్పు ఖర్చులు ముందున్నాయి, ఇంత పెట్టలేం, తప్పు మీది కాదు ఆంటీ అన్నాడు. సామాను సర్దడం మొదలుపెట్టాడు. జెన్నీ బట్టలు మడతపెట్టింది. అరుణమ్మ గుమ్మంలో నిలబడి అది చూసింది. ఎవరూ ఆపని పిల్లను ఆపిందీ తనే, తెల్లారేసరికి డబ్బుల మాట మీద పంపిస్తున్నదీ తనే. అంతకన్నా ఆపకుండా ఉంటేనే నయం కదా అనుకుని, వసారాలోకి వచ్చి గిన్నెలు ముందేసుకుంది. సంగయ్య చెట్ల వైపు వెళ్లబోయాడు. ఆగమని ఫోన్ కలిపించింది.

సారుతో ఆమె ఏం మాట్లాడిందో సంగయ్య తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. నేను వాళ్లకు మాటిచ్చాను, నిన్నటి కిరాయికే ఈ రాత్రి ఉండనివ్వండి అని అడిగింది. జనార్దన్ సారు చెడ్డవాడు కాదు, కానీ వ్యాపారి. ఆ ధర నేను పెట్టింది కాదు అరుణమ్మా, సిస్టమ్ పెడుతుంది అన్నాడు.

"గయితే ఆ సిస్టమ్‌తోని నేనే మాట్లాడుత. నంబర్ ఇయ్యిండ్రి సార్" అంది అరుణమ్మ.

ఆయన నవ్వాడట. నవ్వి, పసుపు ఫంక్షన్ చేసుకునే పెళ్లివాళ్లు ఎవరో సాయంత్రానికి అడుగుతున్నారనీ, పదకొండుకల్లా వీళ్లను ఖాళీ చేయించి పక్కబట్టలు మార్చమనీ అన్నాడు. అసలు ఎవరినడిగి మాటిచ్చావు అని కూడా అన్నాడు.

"సరే సార్. బంగ్లా ఖాళీ చేపిస్త. వాళ్లను మా అర్రల ఉంచుకుంట. ముందుగాలనే చెప్తున్న" అంది అరుణమ్మ.

ఈసారి సారు నవ్వలేదు. బంగ్లాకు వచ్చిన గెస్టులు వాచ్‌మన్ రూములో పడుకున్నారని నలుగురికీ తెలిస్తే తన బంగ్లా పరువేం కావాలన్నాడు. ఆ పని చేస్తే మీ కొలువు సంగతి సోమవారం వచ్చి తేలుస్తానని ఫోన్ పెట్టేశాడు.

కొలువు పోతే ఈ రేకుల గది కూడా పోతుంది. కౌలుకు పోదామంటే బోరులో నీళ్లు లేవు. సొంతూళ్లో ఉన్న ఇంటికి కప్పు లేదు. ఇదంతా సంగయ్య పెళ్లానికి వివరంగా చెప్పాడు. ఎవరో ఊరూ పేరూ తెలియని వాళ్ల కోసం ఇంత అవసరమా అన్నాడు.

"పేరు తెలువకపోవుడేంది, జెన్నీ" అంది అరుణమ్మ. కడిగిన గిన్నెలు బోర్లించి లేచింది.

బంగ్లా మెట్ల దగ్గర అరుణ్ సంచులతో నిలబడి ఉన్నాడు. సామాను సర్దడం మంచిదే అయింది, అవి పట్టుకుని మా ఇంటికి నడవండి అందామె. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహమాటపడ్డాడు. గంట ప్రయాణమే కదా ఆంటీ, ఇంటికి వెళ్లిపోతాం, మీకెందుకు కష్టం అన్నాడు. అంటూనే భార్య కోసం చుట్టూ చూశాడు. జెన్నీ అప్పటికే చెప్పులు విడిచి అరుణమ్మ వసారా ఎక్కింది.

బంగ్లాలోంచి ఇక్కడికి వస్తే మాత్రం ఇల్లు వదిలినట్టు కాదా అని సంగయ్య చివరి ప్రయత్నంగా లా పాయింటు తీశాడు. గేటు దాటలేదు కాబట్టి లెక్కలోకి రాదని అరుణమ్మ తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద పై కోర్టు లేదు.

సోమవారం ఏమైందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు ఆ ఫికరే ఉంటుంది. జనార్దన్ సారు వచ్చాడు. తోటంతా తిరిగాడు, కొలనులోకి తొంగి చూశాడు, అరుణమ్మ పెట్టిన చాయ్ తాగాడు. కొలువు మాట ఎత్తలేదు. పోయేటప్పుడు మాత్రం, ఇకమీదట ఎవరికైనా మాటిచ్చే ముందు తనకు ఫోన్ చేయమన్నాడు.

"చేస్త సార్. ఆడబిడ్డలుంటే శుక్రవారం మాత్రం అడగ" అంది అరుణమ్మ.

ఆయన కారెక్కాడు. మంచి మనుషులను వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ఆయనకూ తెలుసు. పైగా ఆ శుక్రవారం ఏం జరిగిందో అప్పటికే విన్నాడు.

జరిగింది ఇదీ. మధ్యాహ్నం మూడింటికి వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, చేవెళ్ల రోడ్డు మీద బస్సులు లైట్లు వేసుకుని నడిచాయి. పచ్చిక మీద పందిరి వేసి పసుపు ఫంక్షన్ చేద్దామనుకున్న పెళ్లివాళ్లు మొయినాబాద్‌లో ఏదో ఫంక్షన్ హాలు చూసుకున్నారు. బంగ్లాకు ఎవరూ రాలేదు. నా కొట్టుకు కూడా ఎవరూ రాలేదు. పెసరపప్పు, గుడ్లు, పాల ప్యాకెట్లు కావాలని సంగయ్య ఫోన్ చేస్తే, ఖాళీగానే ఉన్నాను కదా అని గోనెపట్టా కప్పుకుని మోపెడ్ మీద నేనే తీసుకెళ్లాను. ఈ జెన్నీ ఎవరో చూద్దామని కూడా ఉంది, అబద్ధమెందుకు.

గదిలో ఉన్న ఒక్క నవారు మంచం జెన్నీకిచ్చారు. అరుణ్ కింద చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తమ పడక వసారాలోనేనని అరుణమ్మ అప్పుడే రెండు బొంతలు ఒక మూలకు చేర్చింది. వసారాలోకి జల్లు కొడుతోంది, సంగయ్య ప్లాస్టిక్ పట్టా కడుతున్నాడు. రేకుల మీద వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది. తోట మధ్య బంగ్లా చీకట్లో ఊరికే నిలబడి ఉంది.

అరుణ్ ఊసుపోక ఫోన్ తీసి యాప్ చూశాడు. చూసి పెద్దగా నవ్వాడు. పొద్దున మూడింతలున్న ధర మధ్యాహ్నానికి సగమైందట, ఇప్పుడు గురువారం వాళ్లు కట్టినదాని కన్నా తక్కువకు దిగింది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. అరుణమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి తల కూడా తిప్పలేదు.

"పొద్దుగూకినంక గంపల మిగిలిన పువ్వు. గంతే మరి" అంది.

ఇప్పుడు బుక్ చేస్తానన్నాడు అరుణ్. ఇంతమంది ఇరుక్కోవడమెందుకు, మేం అటు వెళ్లిపోతే మీరు హాయిగా మీ గదిలో పడుకోవచ్చు, సారుకు కూడా ఎంతో కొంత ముడుతుంది, గొడవ తీరిపోతుంది అన్నాడు. అందరికీ బాగున్న మాటే. సంగయ్య మొహం ఒక్కసారిగా విప్పారింది. కడుతున్న పట్టా వదిలేసి లోపలికి వచ్చాడు. అరుణమ్మ కూడా ఆలోచించింది. అక్కడ ఏసీ ఉంది, మెత్తటి పరుపు ఉంది, ఏడో నెల మనిషికి రాత్రి లేచి వెళ్లడానికి గది పక్కనే బాత్రూం ఉంది. ఇక్కడైతే వానలో పెరట్లోకి పోవాలి. నిన్న తను చెప్పిన కిరాయి మాట కూడా నిలబడుతుంది.

చేతులు కొంగుకు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది. "పో బిడ్డ. ఆడైతే మంచిగ పండుకుంటవు" అంది.

జెన్నీ లేవలేదు. దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని అరుణమ్మ వైపు చూసింది.

"శుక్రవారం పూట పంపుతున్నారా ఆంటీ?" అంది.

అరుణ్ చేతిలోని ఫోన్ బోర్లించి చాప మీద పెట్టాడు. సంగయ్య ఒక నిమిషం నిలబడి, మళ్లీ పట్టా కట్టడానికి వెళ్లాడు. నేను లేవబోతుంటే అరుణమ్మ కూర్చోమని చెయ్యి చూపించింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, మరుగుతున్న ఎసరులో ఇంకో గిద్దెడు బియ్యం కడిగి పోసింది.